అపార్టుమెంటు ఫైల్లో పక్క ఊరి మంచినీటి బోరు ఎక్కడ?

తిరుపతి నాలుగు వైపులా పెరుగుతోంది. కరకంబాడి రోడ్డు, రేణిగుంట, తిరుచానూరు, అవిలాల, పేరూరు, చంద్రగిరి... ఏ దిక్కుకు వెళ్లినా కొత్త బ్లాకులు, కొత్త లేఅవుట్లే. వాటి మధ్యలోనే పాత ఊళ్లూ ఉన్నాయి. ఊరికో ఓవర్‌హెడ్ ట్యాంకు, దానికి నీళ్లెక్కించే పంచాయతీ బోరు ఒకటో రెండో. చాలాచోట్ల ఊరంతా తాగేది ఆ నీళ్లే. పక్కనే 500 ఫ్లాట్ల ప్రాజెక్టు వస్తే దాని పర్యావరణ అనుమతి ఫైల్లో చెట్ల లెక్క ఉంటుంది, పార్కింగు లెక్క ఉంటుంది, జనరేటరు పొగ గొట్టం ఎత్తు కూడా ఉంటుంది. ఊరి బోరు ఎంత దూరంలో ఉంది, ఎంత లోతు, మే నెలలో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉంటాయి అన్నది మాత్రం ఉండి తీరాలని ఎవరూ పట్టుబట్టరు.

అసలు లోపం ఇక్కడే ఉంది. పరిశీలన ప్రహరీ గోడ లోపల మొదలై అక్కడే ముగుస్తోంది. అది ఊరి బోరు దగ్గర మొదలై ప్రాజెక్టు వైపు రావాలి. భూమి కింద నీళ్లకు ప్రహరీ లేదు కాబట్టి, ఈ వరస మారనంత కాలం మిగతా షరతులు ఎన్ని రాసినా ఊరికి ఒరిగేది తక్కువ.

ముందు కాళ్ల కింద ఉన్న రాయి సంగతి చూడాలి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు ఒకదానిమీద ఒకటి కూర్చున్న చోటు ఉంది. ఆ రెండు రాళ్ల వయసుల మధ్య కోట్ల ఏళ్ల తేడా ఉన్నందున భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. పట్టణం నిలబడింది ఆ కింది గ్రానైటు జాతి రాతి మీదే. ఈ రాతిలో ఇసుకలో ఉన్నట్టు నీళ్లు అంతటా ఉండవు. పైన కొన్ని మీటర్ల మందాన మెత్తబడిన మొరం, దాని కింద గట్టి రాతిలో అక్కడక్కడా పగుళ్లు. ఉన్న నీళ్లన్నీ ఈ రెండు చోట్లే. ఒకే చేలో ఒక బోరుకు మూడంగుళాల నీళ్లు పడి, దానికి కూతవేటు దూరంలో వేసినదాంట్లో ఉత్త దుమ్ము లేవడం చిత్తూరు రైతులు తరతరాలుగా చూస్తున్నదే. స్వర్ణముఖి ఒడ్డున మాత్రం ఇసుక పొర ఉంది. అక్కడి తీరు వేరు.

పై మొరం పొర తొందరగా నిండుతుంది, అంతే తొందరగా ఖాళీ అవుతుంది. 2021 నవంబరు వరదలప్పుడు ఎం.ఆర్.పల్లి దగ్గర ఒక ఇంట్లో సిమెంటు వరలతో కట్టిన నీళ్ల తొట్టి భూమిలోంచి పైకి లేచిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. దాని వెనక మహత్యమేమీ లేదు. చుట్టూ భూగర్భ నీటిమట్టం పైదాకా రావడంతో, ఖాళీ చేసిన తొట్టిని ఆ నీళ్లే పైకి తోశాయి. అదే పట్టణంలో ఎండాకాలం వచ్చేసరికి బోర్లు గుటకలు వేస్తూ, వీధుల్లో ట్యాంకర్లు తిరుగుతాయి. ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వాటా పెద్దది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసినదాన్ని పట్టుకునే ఏడాది గడవాలి. అందుకే డిసెంబరులో కొలిచిన నీటిమట్టాన్ని చూపించి 'నీళ్లు పుష్కలం' అని రాసిన నివేదికను నమ్మడానికి లేదు.

కొండపాదం సంగతి ఇంకో రకం. శేషాచలం వాలు నుంచి జారిన రాళ్లు, గరప నేల ఉన్న ఆ పట్టీ వాననీటిని బాగా పీల్చుకుంటుంది. దిగువ బోర్లకు నీళ్లందేది చాలావరకు అక్కడి నుంచే. బ్రోచర్లలో 'కొండ వ్యూ' అని ఎక్కువ ధరకు అమ్ముడుపోయేదీ ఆ పట్టీయే. అక్కడ సిమెంటు పరిస్తే దెబ్బ తగిలేది ఆ ప్లాటుకు కాదు, కిలోమీటరు దిగువన ఉన్న ఊరి బోరుకు.

చట్టం ఏం అడుగుతోంది?

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణ విస్తీర్ణం ఉన్న భవన ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు. 50 హెక్టార్లు లేదా 1,50,000 చదరపు మీటర్లు దాటితే టౌన్‌షిప్ కింద లెక్క. దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1ఎలో ప్రశ్నలు బాగానే ఉన్నాయి. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, ఆ వనరు నికరంగా ఎంత ఇవ్వగలదు, వేరేవాళ్లు వాడుకుంటున్న నీటిని మళ్లిస్తున్నారా, భూగర్భ జలం మీద ప్రభావం ఏమిటి అని వరసగా అడుగుతారు. ఫారం 1లో ప్రాజెక్టుకు 15 కి.మీ. లోపు ఉన్న ముఖ్యమైన భూగర్భ జల వనరుల వివరాలూ రాయాలి.

ప్రశ్న ఉన్నా, జవాబు ఎంత లోతుగా ఉండాలో చెప్పేవాళ్లు లేరు. 15 కి.మీ. గడిలో 'స్వర్ణముఖి నది' అని రాసి ఊరుకున్నా గడి నిండినట్టే. 'నీటి వనరు' దగ్గర 'ట్యాంకర్లు' అని రాస్తే భూగర్భ జలం వాడనట్టు కనిపిస్తుంది. ఆ ట్యాంకరు నిండేది మాత్రం చుట్టుపక్కల ఏదో చేలోని బోరు దగ్గరే. సెల్లారు కోసం తవ్విన గోతిలో ఊరిన నీళ్లను రాత్రింబవళ్లు మోటార్లతో కాలువలోకి తోడిపోస్తుంటే పక్క ఇళ్ల చేదబావులు ఎండిపోవడం మరో సమస్య. అది నిర్మాణం నడిచే కాలానికే పరిమితం కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు.

పైగా ఈ తరగతి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ లేదు. గనికో, ఫ్యాక్టరీకో అయితే కాలుష్య నియంత్రణ మండలి వచ్చి ఊళ్లో సభ పెడుతుంది. ఇళ్ల ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషనే ఆ మినహాయింపు ఇచ్చింది. కాబట్టి 'మా బోరు ఇక్కడుంది, ఏప్రిల్లో ఇంత లోతుకు దిగుతుంది' అని ఊరివాళ్లు చెప్పుకునే చోటు ఆ ప్రక్రియలో ఎక్కడా లేదు. వాళ్లు చెప్పలేరు కాబట్టి ఆ పని ఫైలే చేయాలి.

రాష్ట్రానికి వాల్టా చట్టం ఉంది, 2002 నాటిది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బావి గానీ బోరు గానీ వేయకూడదని అది అంటుంది. ఉన్నవాటిలో గట్టి రక్షణ ఇదే. అయితే పగుళ్ల రాతిలో మోటారు లాగుడు గుండ్రంగా పాకదు, పగులు ఎటు పోతే అటు పోతుంది. 200 మీటర్లలో ఉన్న బోరుకు ఏమీ కాకుండా, 600 మీటర్లలో ఉన్నది దిగిపోవచ్చు. 250 మీటర్లను కనీస దూరంగా పాటించాల్సిందే. అంతకు మించి దూరం ఉంటే భయం లేదని అనుకోవడమే తప్పు.

ఒక చిన్న లెక్క

500 ఫ్లాట్లు, ఫ్లాటుకు ఐదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుందాం. ప్రాజెక్టు నివేదికల్లో మామూలుగా వాడే ప్రమాణాలే ఇవి. రోజుకు 3,37,500 లీటర్లు కావాలి. మరుగుదొడ్ల ఫ్లషింగుకు శుద్ధి చేసిన నీళ్లు వాడితే మనిషికి 45 లీటర్లు తగ్గి, మంచినీళ్ల అవసరం 2,25,000 లీటర్లకు వస్తుంది.

ఇప్పుడు రాబడి. భూగర్భ జల వనరుల అంచనాకు 1997లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం మెత్తబడిన గ్రానైటు నేలలో కురిసిన వానలో 8 నుంచి 11 శాతమే భూగర్భానికి చేరుతుంది. ఏడాదికి 1,000 మి.మీ. వాన, 10 శాతం ఇంకుడు అనుకుంటే ఎకరానికి దక్కేది దాదాపు 4 లక్షల లీటర్లు. పదెకరాల స్థలానికి 40 లక్షలు. అంటే ఆ స్థలం ఏడాది పొడుగునా సంపాదించిన నీళ్లు ఆ ప్రాజెక్టుకు 18 రోజులకు సరిపోతాయి, అదీ ఫ్లషింగుకు మంచినీళ్లు వాడకుండా ఉంటేనే.

పైకప్పు నీళ్లు పట్టుకుంటే లెక్క మెరుగుపడుతుంది. మూడెకరాల పైకప్పు ఉంటే, పడినదాంట్లో 80 శాతం చేతికొస్తే, 97 లక్షల లీటర్ల దాకా దొరుకుతాయి. అది 43 రోజుల అవసరం. మంచిదే, తప్పకుండా చేయాలి. అయినా పది నెలలకు పైగా కాలం మిగిలే ఉంటుంది. ఆ పది నెలల నీళ్లు కార్పొరేషన్ పైపులోంచి రావాలి, లేదా పక్కవాళ్ల భూమి కింద నుంచి రావాలి. మూడో దారి లేదు. కల్యాణి డ్యామ్ నుంచో, తెలుగుగంగ నుంచో పైపు నీళ్లు ఆ ప్రాజెక్టు గేటు దాకా ఎప్పుడొస్తాయో తేదీతో సహా కాగితం లేకపోతే, ఫైల్లో ఏం రాసినా వాడేది భూగర్భ జలమే. పైపు నీళ్లు వచ్చాకే ఫ్లాట్లలోకి దిగడానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అనే షరతు పెడితే బిల్డర్లకు భారమే. భారం ఎవరి మీదో ఒకరి మీద పడక తప్పదు. ప్రస్తుతం అది నీళ్లు పోగొట్టుకున్న ఊరి మీద పడుతోంది. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి 55 లీటర్లు. గోడకు ఇవతల 135, అవతల 55, రెండూ ఒకే రాతిలోంచి.

బోరు సామర్థ్యం చెప్పే తీరూ సరిగా లేదు. బోరు బండి కంప్రెసరుతో అరగంట ఊదినప్పుడు పైకి చిమ్మిన నీళ్లను చూసి 'రెండున్నర అంగుళాలు' అంటారు. పగుళ్లలో అప్పటికే చేరి ఉన్న నీళ్లవి. రోజుల తరబడి తోడితే ఎంత నిలుస్తుందో అవి చెప్పవు. చేయాల్సింది పంపింగ్ టెస్టు. ఒకే వేగంతో కనీసం 24 గంటలు తోడుతూ ఆ బోరులోనూ, చుట్టుపక్కల తాగునీటి బోర్లలోనూ మట్టం ఎంత దిగుతోందో గంట గంటకూ రాసుకోవాలి. మోటారు ఆపాక మళ్లీ ఎంతసేపటికి కోలుకుందో చూడాలి. ఈ పరీక్ష మే, జూన్ నెలల్లో జరగాలి. ఊరి బోరును గమనించకుండా చేసిన పంపింగ్ టెస్టు ప్రాజెక్టుకు ఎన్ని నీళ్లొస్తాయో చెబుతుంది. ఊరికి ఎన్ని పోతాయో చెప్పదు.

కిందికి ఏం దిగుతోంది?

నీళ్లు తగ్గడం కంటికి కనిపిస్తుంది. పాడవడం కనిపించదు. వాడిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది కాబట్టి మన 500 ఫ్లాట్ల ప్రాజెక్టులో అది రోజుకు 2,70,000 లీటర్లు. దానికి శుద్ధి ప్లాంటు కడతారు. అయితే మొదటి ఏడాది నలభై కుటుంబాలే దిగితే, 500 కుటుంబాలకు కట్టిన ప్లాంటు సరిగ్గా పనిచేయదు. అందులో మురుగును తినే సూక్ష్మజీవులకు మేత చాలదు. ఆ ఏడాది మురుగు ట్యాంకర్లలో బయటికి పోతుంది, లేదా వాననీటి కాలువలోకి జారుతుంది. ప్లాంటును చిన్న చిన్న భాగాలుగా కట్టి, జనం పెరిగే కొద్దీ ఒక్కోటి నడిపించాలన్న షరతు అనుమతిలోనే ఉండాలి. వానాకాలంలో చెట్లకు నీళ్లక్కర్లేనప్పుడు మిగిలిన శుద్ధి నీరు ఎక్కడికి పోతుందో కూడా రాయించాలి. లేకపోతే అది వాగు పట్టుకుని చెరువుకు, చెరువు దాటి స్వర్ణముఖి ఇసుకలోకి చేరుతుంది.

సెప్టిక్ ట్యాంకుల సంగతి ఇంతకంటే ఘోరం. మన దగ్గర చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకు అంటే గొయ్యి తీసి సిమెంటు వరలు దించడమే. అడుగు మూయరు. 'ఇరవై ఏళ్లయింది, ఒక్కసారి కూడా తోడించలేదు' అని గొప్పగా చెప్పుకుంటారు. నిండలేదంటే అడుగు నుంచి ఎటో పోతోందన్నమాట. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఇంకుడు వ్యవస్థ తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. అదే ప్రమాణం ఇంకో మాట కూడా అంటుంది. సున్నపురాయి, పగుళ్లున్న రాతి నేలల్లో ఈ పద్ధతే పనికిరాదు, పగుళ్ల వెంట మురుగు చాలా దూరం పోగలదు. అందరూ 18 మీటర్ల అంకెను పట్టుకుని, మనది పగుళ్ల రాయన్న సంగతి మరిచిపోతున్నారు.

దీనికి బోరు వేసే తీరు తోడవుతోంది. గట్టి రాయి తగిలేదాకా పీవీసీ కేసింగు దించుతారు. తవ్విన రంధ్రానికీ కేసింగుకూ మధ్య సందు మిగులుతుంది. ఆ సందులో సిమెంటు పాలు పోసి మూయాలి. చాలాచోట్ల బోరు తవ్వినప్పుడు వచ్చిన పొడినే అందులోకి తోసేస్తారు. పై మొరంలో చేరిన మురుగు కేసింగు వెంట జారి 300 అడుగుల లోతు బోరులోకి నేరుగా దిగుతుంది. లోతు బోరు నీళ్లు శుభ్రం అన్న నమ్మకం అక్కడే తప్పుతోంది.

మురుగు నుంచి వచ్చే నైట్రేటుకు రంగు, రుచి, వాసన ఉండవు. కాస్తే పోదు సరికదా, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ గాఢత పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 10500 చెబుతుంది. డబ్బా పాలు కలిపి పట్టే పసిబిడ్డలకు అది ఎక్కువ ప్రమాదం. నీళ్లు అడుగంటాయని ఇంకా లోతుకు వెళితే గ్రానైటులోంచి వచ్చే ఫ్లోరైడు పెరగవచ్చు. దానికి పరిమితి 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5.

ఇంకుడు గుంతల విషయంలోనూ జాగ్రత్త కావాలి. భవన ప్రాజెక్టుల అనుమతుల్లో ప్రతి 5,000 చదరపు మీటర్ల నిర్మాణానికి ఒక రీచార్జి బోరు అనే షరతు ఉంటుంది. పైకప్పు నీళ్లను వడకట్టి అందులోకి పంపితే మేలు. పార్కింగు ర్యాంపు మీద ఆయిలు, టైర్ల మురికి కడుక్కుని వచ్చిన నీళ్లను అదే బోరులోకి వదిలితే మాత్రం, మట్టి వడకట్టే అవకాశం కూడా ఇవ్వకుండా ఊరు తాగే పగుళ్లలోకి మురికి ఎక్కించినట్టే. పైకప్పు నీళ్లకు వేరే పైపు, రోడ్డు నీళ్లకు వేరే దారి. రీచార్జి బోరు మురుగు లైనుకు ఎగువన. ఇంత చిన్న విషయం డ్రాయింగు దశలో చూడకపోతే తర్వాత సరిచేయడం అయ్యే పని కాదు.

ఇదంతా అనుమతి పరిధిలోకి వచ్చే ప్రాజెక్టుల సంగతి. రానివే ఎక్కువ. 40 ఎకరాల ప్లాట్ల లేఅవుటుకు 50 హెక్టార్ల గీత, అంటే 123 ఎకరాలు, చాలా దూరం. బిల్డరు ఇళ్లు కట్టడు కాబట్టి నిర్మాణ విస్తీర్ణం లెక్కా రాదు. అక్కడ 400 ప్లాట్లుంటే రేపు 400 బోర్లు, 400 వరల గుంతలు. ఒక్కో ఇంటికీ తన బోరు, తన గుంత మధ్య 18 మీటర్లు దొరకని స్థలాలవి. 200 గజాల ప్లాటులో ఆ దూరం ఎక్కడి నుంచి వస్తుంది? ఒకే ప్రాజెక్టును రెండు మూడు ముక్కలు చేసి ఒక్కోటి 20,000 చదరపు మీటర్ల లోపు చూపించే వీలూ ఉంది. ఇలాంటిచోట కాపలా కాయగలిగింది లేఅవుటు అనుమతి ఇచ్చే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ), పంచాయతీలు. ప్లాటుకో బోరు బదులు అందరికీ కలిపి నీటి సరఫరా, అడుగు మూసిన ఉమ్మడి మురుగు వ్యవస్థ ఉంటేనే లేఅవుటు అన్న నియమం ఒక్కటి పెట్టినా పర్యావరణ అనుమతులన్నీ కలిసి చేసేదానికంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

జర్మనీలో తాగునీటి బావి చుట్టూ రక్షణ వలయాలు గీస్తారు. నీళ్లు బావికి చేరడానికి 50 రోజులు పట్టే పరిధి వాటిలో ఒకటి. సూక్ష్మక్రిములు చావడానికి ఆ గడువు అని లెక్క. పగుళ్ల రాతిలో ఆ గీత గీయడం కష్టమే. కానీ ఆలోచన సరైనది, బావిని మధ్యలో పెట్టి చుట్టూ ఏం రావచ్చో, ఏం రాకూడదో చూడటం. తిరుపతిలో అదే పని సులువు రూపంలో చేయొచ్చు. బ్లాకులు గీయకముందే స్థలం చుట్టూ కిలోమీటరు లోపు ఉన్న పంచాయతీ బోర్లు, చేతి పంపులు, బడి, అంగన్‌వాడీ బోర్లు అన్నీ ఒక మ్యాపు మీదికి రావాలి. ఒక్కోదానికి లోతు, కేసింగు లోతు, మే నెల మట్టం, నైట్రేటు, ఫ్లోరైడు, ఈకోలి (మురుగు కలిసిందని చూపే బ్యాక్టీరియా) ఫలితం. మురుగు ప్లాంటు, సెల్లారు, రీచార్జి బోర్లు ఎక్కడుండాలో ఆ మ్యాపు చూసి నిర్ణయించాలి. అనుమతి పత్రంలో 'భూగర్భ జలాన్ని క్రమం తప్పకుండా పరిశీలించాలి' అని రాస్తే ఎవరికీ ఏ బాధ్యతా ఉండదు. 'ఊరి వైపు సరిహద్దులో పరిశీలన బోరు ఉండాలి, మట్టం ఇన్ని మీటర్లు దిగితే ప్రాజెక్టు బోర్లు ఆపాలి, నైట్రేటు పెరిగితే ఊరికి వేరే నీళ్లు ఇవ్వాలి' అని రాస్తే పట్టుకోవడానికి ఆధారం ఉంటుంది.

అనుమతి వచ్చాక బిల్డరు వారం లోపు రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఒకటి తెలుగులో. కాపీ పంచాయతీకి పంపాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు ప్రదర్శించాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజుల దాకా వినే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. దక్షిణాది బెంచి చెన్నైలోనే ఉంది. అయితే అక్కడ నిలబడేది అంకెలే. ప్రాజెక్టు రాకముందు మట్టం ఎంత ఉండేదో ఊరి దగ్గర కాగితం లేకపోతే, బోరు ఎండిపోయాక వానలు లేకనో, రైతులు తోడేసో ఎండిందని అవతలి పక్షం సులువుగా అనేస్తుంది.

ఆ కాగితం తయారు చేయడానికి పెద్ద ఖర్చు లేదు. పంచాయతీ బోరులో మోటారు మార్చేటప్పుడు, దించే పైపుతో పాటు ఒక అంగుళం పీవీసీ పైపును పక్కన కట్టి దించితే చాలు. అందులోంచి కొలత టేపు వదిలి, మోటారు ఆపిన కొన్ని గంటల తర్వాత నీళ్లు ఎన్ని అడుగుల్లో తగిలాయో నెలకోసారి తేదీ వేసి రిజిస్టరులో రాయడం వాటర్‌మ్యాన్ చేయగల పనే. దాంతోపాటు ఏడాదికి రెండుసార్లు, మేలో ఒకటి, వానలు ఆగాక జనవరిలో ఒకటి, ప్రయోగశాల నీటి పరీక్ష రిపోర్టు అదే రిజిస్టరుకు జత చేసుకోవాలి.